కట్టెల బాయిలర్ నుంచి గీజర్ దాకా: ఇంట్లో వేడినీళ్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మాది చిన్న రిపేరు దుకాణం. బాయిలర్లకు మాట్లు వేస్తాం, గీజర్లు విప్పుతాం, పైపులు బిగిస్తాం. బతుకమ్మ, దసరా అయిపోయి తెల్లవారుజామున దుప్పటి ముసుగు తన్నడం మొదలైన రోజు నుంచి ఫోన్ మోగుతూనే ఉంటుంది. అడిగేవి చాలావరకు అవే ప్రశ్నలు. ప్రతిసారీ హడావిడిగా సగం సగం చెప్పే బదులు ఒకచోట తీరిగ్గా రాసిపెడితే నయమనిపించింది. రాసినవాడికి కట్టెల బాయిలర్ అంటే కొంచెం పక్షపాతం ఉంది. అది గుర్తుపెట్టుకుని చదవండి.

అసలు బాయిలర్ అంటే ఏది? గీజర్‌ను బాయిలర్ అంటే తప్పా?

తప్పేమీ లేదు కానీ దుకాణంలో తికమక అవుతుంది. మన వరంగల్ వైపు ఇళ్లలో బాయిలర్ అంటే కట్టెలతో నీళ్లు కాగబెట్టే రాగి పీపా. అడుగున మంట గూడు, నడుమ నిలువునా పొగగొట్టం, దాని చుట్టూ నీళ్లు. అది రాకముందు వాకిట్లో పొయ్యి మీద కాగు ఉండేది. పల్లెల్లో పెళ్లిళ్లకు, పురుళ్లకు ఇప్పటికీ కాగే. బాత్రూం గోడకు వేలాడే కరెంటు డబ్బా గీజర్. రైస్ మిల్లులో ఉండే ఆవిరి బాయిలర్ సంగతి పూర్తిగా వేరు, దానికి ప్రభుత్వ తనిఖీలు ఉంటాయి.

ఇంటి బాయిలర్‌లో ఆవిరి పుట్టించడం మన పని కాదు. నీళ్లు మరగకముందే వాడేసుకోవాలి.

కట్టెల బాయిలర్ లోపల ఏం జరుగుతుంది?

కాగుకు మంట అడుగునే తగులుతుంది, మిగతా వేడి పక్కల నుంచి గాలికి పోతుంది. బాయిలర్‌లో మంటే నీళ్ల మధ్యలో ఉంటుంది. పొగ పైకి పోయే దారి పొడవునా గొట్టం గోడలు వేడిని నీళ్లకు అందిస్తాయి. అందుకే అవే కట్టెలతో కాగు కంటే బాయిలర్‌లో ఎక్కువ నీళ్లు కాగుతాయి.

వీటిలో రెండు రకాలు. పాతకాలపు రకానికి పైన గరాటు లాంటి మూతి, పక్కన పైభాగాన ఒక తొండం ఉంటాయి. గరాటులో చెంబెడు చన్నీళ్లు పోస్తే లోపలి సన్నగొట్టం వాటిని నేరుగా అడుగుకు తీసుకుపోతుంది. చన్నీళ్లు బరువు, వేడినీళ్లు తేలిక. అందుకని రెండూ పెద్దగా కలవవు, పైనున్న వేడినీళ్లు చెంబెడు తొండంలోంచి బయటికి వస్తాయి. ఎంత పోస్తే అంత. పోయకుండా తీసుకోవడం కుదరదు కాబట్టి అది ఎప్పుడూ ఖాళీ కాదు. సెన్సర్ లేదు, స్విచ్ లేదు. ఇది మొదట ఆలోచించినవాడు ఎవరో గానీ, ఆ తెలివికి నేను ఇప్పటికీ దండం పెడతాను.

రెండోది నల్లా రకం. చూడ్డానికి సుఖం, బకెట్ పెట్టి తిప్పితే చాలు. కానీ నల్లా కిందికి ఉంటే తిప్పిన కొద్దీ లోపల ఖాళీ అవుతుంది. పైన పోయడం మరిచిపోయినా కింద మంట ఆగదు. మా దగ్గరికి మాట్లకు వచ్చేవాటిలో ఎక్కువ ఈ రకమే.

నీళ్లు లేకుండా మంట పెట్టేశాం. ఇప్పుడేం చేయాలి?

అన్నిటికంటే ముందు: చన్నీళ్లు పోయకండి. ఎర్రగా కాగిన రేకు మీద పడ్డ నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి కొడతాయి. రేకు కూడా చిట్లుతుంది. కట్టెలు బయటికి లాగేసి, దాన్ని దానంతట చల్లారనివ్వండి. గంట పట్టినా సరే. తర్వాత నింపి, ఎక్కడ కారుతుందో చూడండి.

ఎందుకు కారుతుందో చెబుతాను. రాగి 1085 డిగ్రీల దాకా కరగదు. కానీ అతుకుల్లో వేసే తగరం, సీసం కలిసిన మాటు 190 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. నీళ్లున్నంత సేపు అతుకు వేడి వంద దాటదు, నీళ్లే దానికి కాపలా. నీళ్లు పోతే కాపలా పోయినట్టే.

ఇది ఊళ్లోవాళ్ల కథ కాదు. మా ఇంట్లోనే ఒక భోగి నాడు మా మేనల్లుడు చీకట్లో లేచి, అందరికంటే ముందు తానం చేయాలని ఉత్సాహంగా మంట పెట్టాడు. ముందు రోజు సాయంత్రం చివరి బకెట్ తీసుకున్నవాళ్లు మళ్లీ పోయలేదు. అడుగు అతుకు చుట్టూ విడిపోయింది. రిపేరువాడి ఇంట్లో బాయిలర్ పోవడం కంటే పెద్ద పరువు తక్కువ ఇంకొకటి ఉండదు. అప్పటి నుంచి మా ఇంట్లో అగ్గిపెట్టె బాయిలర్ పక్కన ఉండదు, నీళ్లు పోసే చెంబులో ఉంటుంది. చెంబు చేతిలోకి తీసుకోకుండా అగ్గిపుల్ల దొరకదు.

బాత్రూం లోపలే పెట్టుకోవచ్చా? చలికి బయటికి పోవాలనిపించదు.

వద్దు. ఈ ఒక్కదాని మీద మేము ఎవరితోనూ బేరం ఆడం.

పొగ వల్ల కళ్లు మండటం చిన్న సంగతి. మండే కట్టెకు సరిపడా గాలి అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషికి ముందు తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం. ఆ తర్వాత కాళ్లు మాట వినవు, తలుపు గడియ తీయాలని తెలుస్తుంది కానీ చేయి లేవదు.

జనం పొరబడేది ఎక్కడంటే, ‘పొగ ఆగిపోయింది, ఇప్పుడు నిప్పులే కదా’ అని తలుపు వేసుకుంటారు. పొగ రాని ఎర్రటి నిప్పుల్లోంచే ఈ వాయువు బాగా వస్తుంది. పిల్లలకు చలి అని నిప్పుల కుంపటి గదిలో పెట్టుకోవడం కూడా ఇలాంటిదే.

బాయిలర్ పెరట్లో గానీ, దొడ్డి వైపు రేకుల వసారాలో గానీ ఉండాలి. వసారా అయితే పొగగొట్టం చూరు దాటి పైకి పోవాలి. గడ్డి కప్పు ఉన్నచోట అసలే వద్దు. ఎవరికైనా తల తిరుగుతుందంటే ముందు బయటి గాలిలోకి తీసుకురండి, తర్వాత 108కి ఫోన్ చేయండి.

పైన ట్యాంకు నుంచి బాయిలర్‌కు నేరుగా పైపు ఇవ్వమంటున్నాం. మీరెందుకు ఒప్పుకోరు?

ఇది అడగని ఇల్లు లేదు. రెండంతస్తుల మీద ట్యాంకు, కింద బాయిలర్, నడుమ పైపు ఇస్తే బకెట్లు మోసే పని తప్పుతుంది కదా అని. నిజమే, తప్పుతుంది. కానీ ప్రతి పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ ఒత్తిడి పైపులో ఉంటుంది. మూతి తెరిచి వాడే పల్చటి రాగి పీపా ఆ ఒత్తిడికి చేసింది కాదు. ముందు అడుగు ఉబ్బుతుంది, తర్వాత అతుకు విడుతుంది.

అంతకంటే భయపెట్టేది ఇంకోటి ఉంది. నీళ్లు కాగితే పెరుగుతాయి. 20 డిగ్రీల నీళ్లు మరిగే దాకా పోతే నూటికి నాలుగు వంతులు ఉబ్బుతాయి. అంటే 20 లీటర్లకు దాదాపు 800 మిల్లీలీటర్లు. ఆ పెరిగిన నీటికి పోవడానికి దారి ఉండాలి. కొందరు ‘వేడినీళ్లు ట్యాంకులోకి ఎక్కుతున్నాయి’ అని చన్నీళ్ల పైపుకు నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లను ఒకవైపే పోనిచ్చేది) వేయిస్తారు. వేడినీళ్ల నల్లా కట్టేసి ఉంటుంది. రెండు వైపులా దారి మూసేసి కింద మంట పెడితే అది బాయిలర్ కాదు, బాంబు. నీరు ఆవిరైతే పదహారు వందల రెట్లకు పైగా చోటు కావాలంటుంది. ఆ చోటు అది తనే చేసుకుంటుంది.

పైపు తప్పదు అనుకుంటే మేము చేసేది ఇది. బాయిలర్ పక్కనే, దాని కంటే కొంచెం ఎత్తులో చిన్న ప్లాస్టిక్ తొట్టి పెడతాం, దానికి ఫ్లోట్ వాల్వ్ (తొట్టి నిండగానే నీళ్లు ఆపేది). పై ట్యాంకు నీళ్లు ఆ తొట్టిలోకి వచ్చి ఆగుతాయి, తొట్టి నుంచి బాయిలర్‌లోకి పోతాయి. ఒత్తిడి తొట్టి ఎత్తుకే పరిమితం. బాయిలర్ తల మీద నుంచి ఒక గాలి పైపు, తొట్టి మట్టం కంటే పైకి లేచి, చివర కిందికి వంగి, ఎప్పుడూ తెరిచే ఉంటుంది. దానికి వాల్వ్ ఉండదు, బిరడా ఉండదు, చినుకులు పడుతున్నాయని గుడ్డ కుక్కడం ఉండదు. గాలి పైపు మీద ఇంటివాళ్లు గుడ్డ కుక్కిన ఇల్లు మాకు తెలుసు, అందుకే చెబుతున్నాను.

ఇంకో చిన్న మాట. బాయిలర్ నుంచి బయటికి వచ్చే మొదటి కొన్ని అడుగులు ఇనుప పైపో రాగి పైపో వేయించండి. వేడినీళ్లకు వేసే సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు కూడా 93 డిగ్రీల వరకే తట్టుకుంటాయి, మరిగిన బాయిలర్ దాన్ని సులువుగా దాటుతుంది. మామూలు పీవీసీ అయితే మెత్తబడి వేలాడుతుంది.

రాగి, స్టీలు, జీఐ రేకు: ఏది కొనాలి?

చేతిలో డబ్బుంటే రాగి. రాగి వేడిని స్టీలు కంటే పాతిక రెట్లు బాగా మోస్తుందని దుకాణాల్లో గొప్పగా చెబుతారు. మాట నిజమే, కానీ అంత పల్చటి రేకులో ఆ తేడా మీ బకెట్ దగ్గరికి వచ్చేసరికి పెద్దగా కనబడదు. నేను రాగి అనేది వేరే కారణాలకు. తుప్పు పట్టదు, మాటు సులువుగా పడుతుంది, ఇరవై ఏళ్ల తర్వాత పాత సామాన్ల కింద తూకానికి వేసినా ధర వస్తుంది. స్టీలు చిల్లిపడితే అందరూ అతకలేరు. జీఐ, అంటే జింకు పూత పూసిన ఇనుప రేకు చవక, కానీ మన ఉప్పు బోరు నీళ్లకు త్వరగా తుప్పు తినేస్తుంది.

కొనేటప్పుడు మెరుపు చూడకండి, తూకం చూడండి. ఒకే సైజు రెండింటిలో బరువున్నదే మందం రేకు. ‘పెంబర్తి సరుకా?’ అని అడుగుతారు కొందరు. పెంబర్తి పేరు ఇత్తడి నగిషీ పనికి. నీళ్ల బాయిలర్‌కు నగిషీతో పని లేదు.

ఏ కట్టె మంచిది?

ఎండింది. అంతే. తుమ్మ, సర్కారు తుమ్మ గట్టి కట్టెలు, నిప్పు నిలుస్తుంది. వరంగల్ చుట్టుపక్కల పత్తి చేసే ఊళ్లలో పత్తి కట్టెకు కొదవ లేదు, కంది కట్టె కూడా అంతే. అవి భగ్గున మండి ఐదు నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి అంటించడానికి అవి, నిలబెట్టడానికి తుమ్మ. గింజలు ఒలిచిన మక్క బెండ్లు కూడా బాగా మండుతాయి. పచ్చి కట్టె పెడితే దాని వేడిలో చాలా భాగం దానిలోని తడిని ఎండబెట్టడానికే పోతుంది, పైగా పొగగొట్టం నిండా జిగట మసి.

ప్లాస్టిక్ కవర్లు, పాత చెప్పులు, రంగు వేసిన చెక్క, టైరు ముక్కలు పెట్టకండి. ఆ పొగ పీల్చేది మీ ఇంటివాళ్లే, పక్కింటివాళ్లే.

ఎన్ని కట్టెలు పడతాయంటే, నలుగురికి తలా ఒక బకెట్ అనుకుని, కట్టెలోని వేడిలో మూడో వంతు నీళ్లకు అందిందనుకుంటే సుమారు కిలోన్నర. పొయ్యి గూడు నిండా కుక్కి పెట్టేవాళ్లు మిగతాదంతా పొగగొట్టం గుండా ఆకాశానికి పంపుతున్నట్టే.

గీజర్‌తో కరెంటు బిల్లు నిజంగా అంత పెరుగుతుందా?

లెక్క వేసుకుందాం, ఇది కష్టం కాదు. ఒక యూనిట్ కరెంటు 860 కిలోక్యాలరీల వేడికి సమానం. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలోక్యాలరీ. డిసెంబరు ఉదయం ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలు ఉన్నాయనుకోండి. స్నానానికి 41 చాలు. 20 లీటర్ల బకెట్‌కు 21 డిగ్రీలు పెంచాలి: 420 కిలోక్యాలరీలు. అంటే బకెట్‌కు అర యూనిట్.

నలుగురున్న ఇంట్లో రోజుకు రెండు యూనిట్లు, నెలకు 60. షవర్ కింద పాటలు పాడే పిల్లలుంటే రెట్టింపు వేసుకోండి.

60 యూనిట్లు విడిగా చూస్తే పెద్ద మొత్తం కాదు. చిక్కు వేరేచోట ఉంది. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు జీరో బిల్లు వస్తోంది. 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి, దాటిన నాలుగు యూనిట్లకే కాదు. మామూలుగా 150 వాడే ఇల్లు గీజర్ పెట్టగానే 210కి పోతుంది. ‘జనవరిలో మీటరు తప్పు తిరిగింది’ అని మీటరు రీడర్‌తో గొడవ పడేవాళ్లకు నేను చెప్పేది ఇదే: మీటరు సరిగ్గానే తిరిగింది, గీజర్ స్విచ్ వేసి మరిచిపోయారు. ఇలాంటి ఇళ్లలో చలి నాలుగు వారాలు కట్టెల బాయిలర్ వెలిగిస్తే జీరో బిల్లు నిలబడుతుంది. కట్టెలు పొలం నుంచి వచ్చేవాళ్లకైతే ఇంకేం ఆలోచించాల్సిన పని లేదు. కట్టెలు కొనుక్కునేవాళ్లు మాత్రం రెండు లెక్కలూ వేసి చూసుకోవాలి, నా పక్షపాతాన్ని నమ్మి కాదు.

ఎన్ని లీటర్ల గీజర్ తీసుకోవాలి? ఎంత వేడికి పెట్టాలి?

15 లీటర్ల గీజర్ అంటే 15 లీటర్ల స్నానమని కాదు. లోపల 60 డిగ్రీలకు కాగిన 15 లీటర్లకు చన్నీళ్లు కలిపితే 41 డిగ్రీల నీళ్లు దాదాపు 28 లీటర్లు వస్తాయి. బకెట్టున్నర కంటే కొంచెం తక్కువ. 25 లీటర్లదైతే రెండు బకెట్లు దాటి. బకెట్ స్నానాల ఇంటికి 15 చాలు, ఒకరి తర్వాత ఒకరికి ఇరవై నిమిషాల తేడా ఉంటే. 2 కిలోవాట్ల ఎలిమెంట్ 15 లీటర్లను 20 నుంచి 60కి తేవడానికి 21 నిమిషాలు పడుతుంది. తెల్లారి నాలుగింటికి వేసి ఏడింటికి స్నానం చేసేవాళ్లు ఆ మిగతా సమయమంతా గోడకు వేడి ఇస్తున్నారు.

మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ వంటింటికి బాగుంటుంది. 3 కిలోవాట్లది నిమిషానికి రెండు లీటర్లను 20 డిగ్రీలు పెంచగలదు, అంతకుమించి ఆశించకండి. బకెట్ నిండటానికి పది నిమిషాలు.

వేడి 55, 60 మధ్య పెట్టండి. మరీ 40, 45 దగ్గర రోజుల తరబడి నిలవ ఉంచితే ఆ గోరువెచ్చని నీళ్లలో లెజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరుగుతుంది. 75 పెడితే సున్నం వేగంగా పేరుకుంటుంది, పిల్లలకు ప్రమాదం. 60 డిగ్రీల నీళ్లు ఐదు సెకన్లలో చర్మాన్ని కాల్చేస్తాయి. అందుకని బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు. ఎప్పుడూ ఆ వరుసే. వేడినీళ్ల బకెట్ పెట్టి చన్నీళ్లకు వెళ్లొచ్చే లోపల పాకే పిల్లవాడు ఎంత దూరం పోగలడో తల్లులకు నేను చెప్పక్కర్లేదు.

ఎర్తింగ్ సంగతి: 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 3 కిలోవాట్లది 13. 16 ఆంపియర్ల ప్లగ్గు, విడిగా ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే ఆపేసే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) ఉండాలి. పాత ఇళ్లలో మూడో పిన్నుకు వైరు గోడలోపల ఎక్కడా కలవదు, పేరుకే మూడు రంధ్రాలు. గీజర్ బిగించే ముందు మేము ముందుగా చూసేది అదే. ఆవిరికి గాలి పైపు ఎలాగో కరెంటుకు ఎర్తింగ్ అలాగ. దారి లేకపోతే అది మనిషి గుండా వెతుక్కుంటుంది.

నల్లాలోంచి నీళ్లు సన్నగా వస్తున్నాయి, గీజర్ లోపల టపటపమని చప్పుడు.

సున్నం. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం వేడికి విడిపోయి తెల్లటి పెంకులా ఎలిమెంట్ చుట్టూ గడ్డకడుతుంది. దాని కింద చిక్కిన నీళ్లు మరిగి చేసే చప్పుడే ఆ టపటప. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉండొచ్చనీ, వేరే దారి లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చనీ భారతీయ ప్రమాణం. మిషన్ భగీరథ నల్లా నీళ్లు గీజర్‌కు ఇచ్చి, బోరు నీళ్లు బకెట్‌లో కలుపుకునే ఇళ్లలో గీజర్లు మా చేతికి అరుదుగా వస్తాయి. కాస్త శ్రమే కానీ పనిచేసే ఉపాయం.

కట్టెల బాయిలర్‌కైతే ఏడాదికోసారి లీటరుకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన గోరువెచ్చని నీళ్లు నింపి రాత్రంతా ఉంచి, పొద్దున వంచేసి రెండుసార్లు కడగండి. బయట మెరుపుకు చింతపండు ఎలాగూ ఉంది. బాత్రూంలు కడిగే యాసిడ్ మాత్రం పోయకండి, సున్నంతో పాటు మాటును కూడా తినేస్తుంది. గీజర్‌ను మీరు విప్పకండి. విప్పినవాడిని మెగ్నీషియం కడ్డీ ఎంత మిగిలిందో చూపించమనండి. ట్యాంకుకు పట్టాల్సిన తుప్పు ఆ కడ్డీ తన మీద వేసుకుంటుంది. అది అరిగిపోతే తర్వాతి వంతు ట్యాంకుదే. ఉప్పు నీళ్ల ఇంట్లో ఏడాదికోసారి చూడాలి.

బకెట్‌లో పెట్టే రాడ్ చవక కదా?

చవకే. ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, ఆ తర్వాతే నీళ్లలో వేలు పెట్టండి. ఇనుప బకెట్ వద్దు. పిల్లలున్న ఇంట్లో రాడ్డే వద్దు.

గ్యాస్ గీజర్?

ఖర్చు చూస్తే బాగుంటుంది. నలుగురికి తలా బకెట్ చొప్పున, నూటికి 80 వంతుల వేడి నీళ్లకు అందితే 14.2 కిలోల సిలిండర్ రెండు నెలలు దాటి వస్తుంది. కరెంటు పోయినా పనిచేస్తుంది. కానీ కట్టెల బాయిలర్ గురించి పైన చెప్పిందంతా దీనికీ వర్తిస్తుంది: మంట మంటే, కార్బన్ మోనాక్సైడ్ అదే. కిటికీ లేని బాత్రూంలో పెట్టి, చలి అని వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టి స్నానానికి పోయినవాళ్లు తిరిగి రాని సంఘటనలు మన దేశంలో ఏటా వింటున్నాం. గీజర్, సిలిండర్ రెండూ బయటి గోడకు ఉండాలి, వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి రావాలి. లోపలే బిగించమంటే మేము రాము.

సోలార్ పెట్టుకుంటే బాయిలర్ అక్కర్లేదా?

ముప్పావు వంతు రోజులు అక్కర్లేదు. వరంగల్‌లో ఎండకు కరువేముంది, చలికాలం ఆకాశం కూడా తేటగానే ఉంటుంది. నలుగురికి రోజుకు 100 లీటర్లు ఇచ్చేది సరిపోతుంది, పలకలు దక్షిణం వైపు వాలి ఉండాలి. బోరు నీళ్లయితే గాజు గొట్టాల రకమే నయం, రాగి సన్నపైపుల పలకలు సున్నంతో త్వరగా పూడుకుపోతాయి. ముసురు పట్టిన రోజులకు, బంధువులు పది మంది దిగిన రోజుకు మళ్లీ ఏదో ఒకటి కావాలి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపువాళ్లకు నేను సోలార్‌తో పాటు బాయిలర్ కూడా ఉంచుకోమనే చెబుతాను. సిర్పూర్ (యు) లాంటి చోట్ల చలి పది డిగ్రీల కిందికి దిగినప్పుడు నీళ్లను ఎక్కువ డిగ్రీలు పెంచాలి, స్నానాలూ మంట దగ్గరే బాగుంటాయి.

మా అబ్బాయి లండన్‌లో ఉంటాడు. వాళ్లింట్లోనూ బాయిలర్ ఉందంటున్నాడు. కట్టెలు ఎక్కడ దొరుకుతాయి వాడికి?

ఈ ప్రశ్న ఒక పెద్దావిడ నిజంగానే అడిగారు. అక్కడి బాయిలర్‌కు కట్టెలుండవమ్మా, ఎక్కువగా పైపులో వచ్చే గ్యాస్. వంటింటి గోడకు అల్మారా అంత పెట్టెలా ఉంటుంది. దాని మొదటి పని ఇల్లు వెచ్చబెట్టడం: వేడినీళ్లను గదుల్లోని ఇనుప రేడియేటర్లలో తిప్పుతుంది. స్నానం నీళ్లు దాని రెండో పని. చిన్న ఇళ్లలో కాంబి అనే రకం, నల్లా తిప్పగానే అప్పటికప్పుడు కాగబెడుతుంది, నిలవ ట్యాంకు ఉండదు. పెద్ద ఇళ్లలో పక్కన సిలిండర్ అనే ట్యాంకు ఉంటుంది. బాయిలర్ నీళ్లు దాని లోపలి చుట్టల పైపులో తిరిగి, బయట ఉన్న స్నానం నీళ్లను వేడి చేస్తాయి. ఆ రెండు నీళ్లు ఎప్పుడూ కలవవు. ఆ ట్యాంకును 60 డిగ్రీల దగ్గర ఉంచుతారు, పైన చెప్పిన బ్యాక్టీరియా భయంతోనే. బాయిలర్ నడుస్తుంటే పొగ వాసన రాదు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ పసిగట్టే అలారం ఇంట్లో పెట్టుకున్నాడా అని వాడిని ఒకసారి అడగండి.

బాలింత ఉంది. బాయిలర్‌లోనే వేపాకు వేయొచ్చా? ఆ నీళ్లు తాగొచ్చా?

ఆకు బాయిలర్‌లో వేయకండి. అడుగున కుళ్లి, నల్లాకు అడ్డం పడుతుంది, తీయడానికి నన్నే పిలవాలి. బకెట్‌లోకి నీళ్లు తీసుకున్నాక వేసుకోండి. పసిబిడ్డకు నీళ్లు మోచేతితో చూడండి, వెచ్చగా తగలాలి, వేడిగా కాదు.

తాగడానికి, వంటకు బాయిలర్ నీళ్లు వద్దు. పాత మాట్లలో సీసం ఉంటుంది, లోపల పచ్చటి కిలుము ఉంటుంది. రాగి చెంబులో నీళ్లు మంచివి కదా అంటారు. చెంబును రోజూ తోముతారు, బాయిలర్ లోపలికి ఎవరి చేయీ పోదు.

ఎండాకాలం ఎలా దాచాలి?

శివరాత్రి దాటాక ఒక ఆదివారం చూసుకుని బూడిద మొత్తం తీసేయండి, తడి బూడిద రేకును తింటుంది. నీళ్లు పూర్తిగా వంచి, ఎండలో మూత తీసి ఆరబెట్టండి. పొగగొట్టంలో గోనెసంచి ముక్క చుట్టిన కర్రతో మసి దులపండి. గొట్టం మూతికి ఇనుప జాలీ కట్టండి.

జాలీ ఎందుకంటే, ఒక ఇంట్లో దసరా తర్వాత మంట పెడితే పొగంతా ఎదురు వచ్చిందని పిలిచారు. గొట్టం విప్పితే పైన పిచ్చుక గూడు, దానిలో నాలుగు గుడ్లు. తీసేయమంటారా అని అడిగితే ఇంటావిడ ఒప్పుకోలేదు. గొట్టం మళ్లీ ఎలా ఉన్నదలా పెట్టించారు. పిల్లలు ఎగిరిపోయే దాకా, దాదాపు నెల, ఆ ఇంట్లో అందరికీ చన్నీళ్ల స్నానాలే.